ఫోను లాగేసుకుంటే రహస్యం దాగుతుందా?

మొన్న యానాంలో దేశభద్రత మీద జరిగిన సభలో ఒక వక్త, నావికుల చేతుల్లోంచి సెల్‌ఫోన్లు లాగేస్తే గూఢచర్యం సగం ఆగిపోతుందని బల్ల గుద్ది చెప్పారు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్నాయన కొడుకు విశాఖలో నేవీలో పనిచేస్తాడు. ఆయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఈ మాటలకి మూలం 2019 డిసెంబరు. ఆంధ్రా పోలీసుల కౌంటర్ ఇంటెలిజెన్స్ విభాగం కేంద్ర, నౌకాదళ నిఘా వర్గాలతో కలిసి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' నడిపి గూఢచర్యం ఆరోపణతో ఏడుగురు నౌకాదళ సిబ్బందినీ ఒక హవాలా వ్యాపారినీ పట్టుకుంది. ఆ నెలాఖరుకే స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లూ ఫేస్‌బుక్కూ బంద్. అంతకు నెల ముందే మన కాకినాడ తీరంలో అమెరికా సేనలతో కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు జరిగాయి. కాబట్టి ఇది మనకి దూరపు వ్యవహారమేమీ కాదు.

కానీ ఆ కేసులో హవాలా వ్యాపారికి పనేమిటి? పోలీసులు చెప్పిన కథ ప్రకారమే ముందు ఫేస్‌బుక్‌లో ఆడపేరుతో ఎర, తర్వాత డబ్బు. డబ్బుకి లొంగినవాడికి ఫోను లేకపోతే ఇంకో దారి దొరుకుతుంది. అతను లొంగిపోతున్నాడని పైఅధికారులు పసిగట్టలేకపోయారు. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఫోను మీదికి నెట్టేస్తే అందరి చేతులూ శుభ్రం.

అసలు జబ్బు పైన ఉంది. రక్షణ శాఖ దాకా ఎందుకు, ఏ ప్రభుత్వాఫీసుకైనా వెళ్లి చూడండి. 'కాన్ఫిడెన్షియల్' ముద్ర ఉన్న కాగితాన్ని బల్ల మీద పరిచి, అంచు లేవకుండా పేపర్‌వెయిట్ పెట్టి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. ఫైలు నంబరు, తేదీ, సంతకం అన్నీ స్పష్టంగా పడతాయి. ఆ గ్రూపులో బదిలీ అయినవాళ్లుంటారు, రిటైరైనవాళ్లుంటారు, ఎవరివో తెలియని నంబర్లు రెండుంటాయి. ఆ ఫొటో గ్యాలరీలోంచి తనంతట తనే క్లౌడ్‌కి ఎక్కుతుంది. రాత్రికి అదే ఫోను మనవడి చేతిలో ఉంటుంది. ఇలాంటి పనికి ఏ సస్పెన్షనూ ఉండదు. నావికుడు మాత్రం గేటు దగ్గర ఫోను అప్పగించి లోపలికి వెళ్లాలి!

పెద్దవాళ్లు జాగ్రత్తగా ఉంటారంటారా? 2023 మేలో పుణెలో పాకిస్తాన్ ఏజెంటుకి సమాచారమిచ్చారన్న ఆరోపణతో అరెస్టయింది ఒక డీఆర్‌డీఓ ప్రయోగశాల డైరెక్టరు. 2025 మార్చిలో అమెరికా రక్షణమంత్రి హెగ్‌సెత్ యెమెన్ మీద దాడి వివరాలు సిగ్నల్ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో పొరపాటున చేరిన పత్రికా సంపాదకుడు అన్నీ చదివారు. యాప్‌ని ఎవరూ బద్దలు కొట్టలేదు. ఇక పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ అయితే 2019లో వాట్సాప్‌లోని లోపాన్ని పట్టుకుని, కాల్ ఎత్తకపోయినా ఫోన్‌లో దూరిపోయింది. నావికుడి చేతిలో ఫోను లేనంత మాత్రాన మంత్రి జేబులో ఉన్నదానికి రక్షణ దొరుకుతుందా?

ఇంకో సంగతి. యానాం, కోనసీమల నుంచి ఓడెక్కిన కుర్రాళ్ల తల్లులు ఆ వీడియో కాల్ కోసం కాచుకుని కూర్చుంటారు. ఓడలో నిషేధం అవసరమైతే పెట్టండి, నేను కాదనను. కానీ ఆ పిల్లలనందరినీ అనుమానితులుగా నిలబెట్టి చప్పట్లు కొట్టించుకోవడం అన్యాయం.

చెయ్యాల్సింది లేకపోలేదు. సైన్యం 'సంభవ్' పేరుతో సొంత ఫోను తెచ్చుకుంది, అదీ అధికారులకి. ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ 'సందేశ్' అనే మెసేజింగ్ యాప్ చేసింది. ఆఫీసు పనికి ఆఫీసు ఫోనే ఇవ్వాలి, సొంత ఫోనులో ఫైలు కనిపిస్తే హోదా చూడకుండా శిక్షించాలి. నావికుడు ఇంటికి మాట్లాడుకోవడానికి ఓడలోనే సురక్షితమైన లైను పెట్టాలి. ముందు పైవాళ్ల వాట్సాప్ గ్రూపులు మూయించండి, అప్పుడు మా పిల్లల ఫోన్ల సంగతి మాట్లాడుదురుగాని.