గృహవిజ్ఞానము: ముల్లు కదలదు, వాల్వు ఊదును

కాశీబుగ్గ ప్రాంతమునుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినది: "పెరటిలోని చిన్న బాయిలరుతో మేము జీడిపిక్కలను ఆవిరిపట్టుచున్నాము. వారము దినములుగా గేజిలోని ముల్లు కొంచెము లేచి నిలిచిపోవుచున్నది. సేఫ్టీవాల్వు మాత్రము పెద్ద చప్పుడుతో ఊదుచున్నది. వాల్వులోని స్ప్రింగు సడలినదనియు, దానిని బిగించినచో సరిపోవుననియు మా బావగారు చెప్పుచున్నారు. బిగింపవచ్చునా?"

బిగింపవలదు. ఈ యొక్క మాటను ఆ సోదరికి వెంటనే జాబు వ్రాసి తెలిపితిమి. కారణమును మాత్రము అందరికిని ఉపయోగపడునని ఇచట వివరించుచున్నాము. జీడిబాయిలరు లేని యిండ్లలోను ఆవిరికుక్కరు కలదు గదా! రెండింటిని నడపు సూత్రము ఒక్కటే.

పలాస జీడిపప్పు పేరు వినని వారుండరు. పిక్కలను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కోసి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, తరగతులుగా ఏరుటలో చాల పనులు స్త్రీల చేతులమీదుగనే జరుగుచున్నవి. ఆవిరి చాలనిచో పప్పు తొక్కను విడువక విరిగిపోవును. మితిమీరినచో రంగు మారును. తెల్లని గుండు పప్పునకు వచ్చు ధర ముక్కలకు రాదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపానులో ఉద్దానపు జీడితోటలు, కొబ్బరితోటలు నేలకొరిగిన సంగతి ఎరిగినవారికి ఒక్కొక్క పప్పు విలువ మేము చెప్పనక్కరలేదు. కాని సోదరి యడిగిన ప్రశ్నలో పప్పుకంటె విలువైనది కలదు. అది ఆ పెరటిలో తిరుగువారి ప్రాణము.

ఇప్పుడు విషయమునకు వత్తము. బాయిలరు లోపలి పీడనమును గూర్చి మనకు చెప్పువారు ఇద్దరు: గేజి, వాల్వు. ఇరువురి మాటలు కలియనపుడు ఎవరిని నమ్మవలెను? వాల్వు నేరుగా బాయిలరుపై కూర్చుండి ఆవిరిని ఎదుర్కొనుచున్నది. గేజి యట్లు కాదు. బాయిలరునకును గేజికిని నడుమ కొక్కెమువలెనో చుట్టవలెనో వంచిన సన్నని గొట్టమొకటి యుండును. అందులో కొంచెము నీరు నిలిచి, వేడి ఆవిరి గేజికి తగులకుండ కాపాడును. ఆ గొట్టములో తుప్పు, మడ్డి, నీటిలోని సున్నపు పొర చేరి మూసుకొన్నచో లోపల ఎంత పీడనము పెరిగినను ఆ వార్త గేజికి చేరదు. ముల్లు సున్న దగ్గర నిలిచియుండ, లోపలి ఆవిరి హద్దు మీరును. అప్పుడు వాల్వు తన ధర్మమును నెరవేర్చి ఊదును. అట్టి వాల్వును బిగించుట యనగా, దొంగలు వచ్చిరని మొరుగుచున్న కుక్క నోరు కట్టుటయే.

కరెంటుతో గాని గ్యాసుతో గాని నడచు బాయిలర్లలో పీడనమునుబట్టి మంటను ఆపి, మరల వెలిగించు ప్రెషర్ స్విచ్చి యుండును. అదియు తరచుగా ఇట్టి గొట్టముపైననే అమర్చబడియుండును. గొట్టము మూసుకొన్న పిమ్మట స్విచ్చికి పీడనము తెలియదు, మంట ఆగదు. స్విచ్చి చెడినదని తలచి క్రొత్తది కొన్నను ఫలమేమి? క్రొత్త స్విచ్చికిని ఆ మూసిన దారియే గదా!

కాబట్టి పరీక్షించు క్రమమిది. మొదట మంటను పూర్తిగా ఆర్పి, బాయిలరును చల్లారనీయవలెను. ముల్లు సున్న చూపినంతమాత్రమున లోపల ఆవిరి లేదని నమ్మరాదు. ఆ ముల్లు మాటయే గదా మనకు సందేహము! చేయి పెట్టి తాకదగినంతగా చల్లారిన తరువాత, ఆవిరి విడుచు కుళాయిని మెల్లగా తెరచి లోపల ఏమియు లేదని తెలిసికొనవలెను. రెండవది, గేజి క్రింది గొట్టమును విప్పించి, సన్నని తీగతో పొడిచి, నీటితో కడిగించవలెను. మరల బిగించునపుడు గొట్టములో మంచినీరు పోయించుట మరువరాదు. మూడవది, గొట్టము శుభ్రమైన పిమ్మటయు ముల్లు కదలనిచో, లేక చల్లని బాయిలరుపై సున్నకు తిరిగి రానిచో, గేజి చెడినదని తెలిసికొని మార్పించవలెను. గేజి సరియైనదని రూఢియైన పిదప, పలకపై వ్రాసిన పీడనమునకు లోబడియే వాల్వు ఊదుచున్నచో, అప్పుడు గదా వాల్వును అనుమానించుట! అపుడైనను దానిని పనివానిచే పరీక్షింపజేసి మార్పించవలెనేగాని స్వయముగా బిగింపరాదు.

నీటిమట్టము చూపు గాజుగొట్టమును సయితము ప్రతిదినము చూచుకొనవలెను. మంట మండుచుండగా అందులో నీరు కానరానిచో, గాబరాపడి చన్నీరు ఎక్కింపరాదు. కాలిన రేకునకు నీరు తగిలి ఒక్కసారిగా ఆవిరి పుట్టును. మంటను ఆపి, దూరముగా నుండి, చల్లారువరకు వేచియుండవలెను. మీ ఊరి బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర పేరుచున్నచో, బాయిలరులోను అట్లే పేరుచున్నదని యెరిగి, అడుగునీటిని తరచుగా విడువవలెను.

1863లో కలకత్తాలో నొక బాయిలరు ప్రేలి ప్రాణనష్టము కలుగగా, మరుసటి సంవత్సరము బెంగాలులో బాయిలర్ల తనిఖీకై చట్టము వచ్చెను. పిదప దేశమంతటికి 1923లో చట్టము చేయబడెను. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. అయితే 25 లీటర్లకు తక్కువ పట్టునవి గాని, చదరపు సెంటీమీటరునకు 1 కిలోగ్రాముకంటె తక్కువ పీడనముతో నడచునవి గాని ఈ చట్టము క్రిందికి రావు. కావున మీ బాయిలరు పలకను చదువుడు. హద్దు దాటినదైనచో దానిని నమోదు చేయించి తనిఖీ పొందుట విధి.

మరి వంటయింటి కుక్కరు మాట? దానిని తనిఖీచేయుటకు ఏ ఇన్స్పెక్టరును రాడు. దానిపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనని 2021నుండి నిబంధన కలదు. ముద్ర కొన్ననాటి మంచిని చెప్పును. నేటి శుభ్రతను ఇల్లాలే చూచుకొనవలెను. 1679లో ఇంగ్లండులో ఆవిరిపాత్రను చూపిన ఫ్రెంచివాడు డెనిస్ పాపిన్, బరువుతో అణచిన వాల్వును దాని కమర్చెను. మన కుక్కరుపై కూర్చుండు విజిలు బరువు ఆ వాల్వునకు వారసురాలే. దాని క్రింది సన్నని గొట్టమే ఇచటను ముఖ్యము.

ప్రతిదినము మూత పెట్టుటకు ముందు ఆ గొట్టమును వెలుతురునకు ఎత్తి చూడుడు. అవతల వెలుగు కనబడవలెను. పప్పుపొట్టు, మెతుకు అడ్డుపడినచో తీసివేయుడు. పొయ్యిమీద పెట్టిన పిదప గొట్టమునుండి ఆవిరి ధారగా వచ్చుట చూచియే బరువు పెట్టుడు. పాత్రలో మూడింట రెండు వంతులకు మించి నింపకుడు. నురుగు లేచు పప్పు, బియ్యము మొదలగువానిని సగమునకు మించి పోయకుడు. ఆవిరి అంచునుండి పోవుచున్నచో రబ్బరు గాస్కెట్టు గట్టిపడినదని గ్రహించి మార్చుడు. ఎందునుండియు ఆవిరి రాక, విజిలును రాక, కాలము గడచుచున్నచో అది అన్నిటికంటె కీడు. వెంటనే మంట ఆర్పి, మూత ముట్టక, పిల్లలను దూరముగా నుంచి, పూర్తిగా చల్లారువరకు ఆగుడు. మూతపైని సేఫ్టీప్లగు కరగి ఊడినచో దానిపై కోపగింపవలదు. అది మనల కాపాడినది. ఆ రంధ్రమును చింతపండుతోనో గుడ్డతోనో మూయక, ఆ కుక్కరు చేసినవారి ప్లగునే తెచ్చి వేయింపుడు. విజిలుపై అదనపు బరువు పెట్టు వాడుక యెచటనైన నున్నచో నేడే మానుడు.

సోదరి తిరిగి జాబు వ్రాసినది. "బావగారూ, ముందు గొట్టము చూచి, పిదప వాల్వు మాట చూతము" అని మేము చెప్పిన మాటనే ఆమె మర్యాదగా చెప్పినదట. గొట్టమును విప్పగా మడ్డితో నిండియుండెనట. శుభ్రపరచిన మరునాడు ముల్లు చక్కగా లేచినది. వాల్వు మౌనము వహించినది. బావగారే ఆ గొట్టమును నెలకొకసారి విప్పి కడుగు భారమును వహించిరట.

ఈ సంచిక చేతనుండగనే ఒకసారి లేచి మీ కుక్కరు గొట్టమును వెలుతురునకు పెట్టి చూడుడు. తక్కిన సందేహములను మాకు వ్రాయుడు. వచ్చు సంచికలలో సమాధానములిత్తుము.