పదవ తరగతి కాగానే పిల్లలను ఆంధ్రకు పంపవలెనా?

మన నేత కుటుంబములలో ఈ నడుమ ఒక అలవాటు బలపడుచున్నది. పిల్లవాడు పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొన్నాడనగానే డాక్టరును చేయవలెననుకొనుట, ఆ వారములోనే విజయవాడకో హైదరాబాదుకో తీసికొనిపోయి హాస్టలున్న కాలేజీలో చేర్చి వచ్చుట. అక్కడ తెలుగు మాట వినబడును, చుట్టములున్నారు, గోడల నిండ ర్యాంకులవారి బొమ్మలున్నవి. షోలాపురమునుండి, భివండినుండి, బళ్లారినుండి, సేలమునుండి ఇట్లు పోవువారున్నారు. ఆ ఆశను మేము తప్పుపట్టము. కాని రైలు టిక్కెట్టు కొనకముందే తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. తెలియక మేమే ఒక కుటుంబమునకు నష్టము కలిగించితిమి గనుక చెప్పుచున్నాము.

2022లో షోలాపురములో మాకు దగ్గరివాడైన ఒక సాంచల కార్మికుడు కొడుకు చదువు విషయమై సలహా అడిగినాడు. పంపుమన్న పెద్దలలో మేమును ఉన్నాము. ఇంటి స్థలము అమ్మి రెండేండ్ల రుసుము కట్టినాడు. పిల్లవాడు 2024లో నీట్ వ్రాసి మంచి మార్కులే తెచ్చుకొన్నాడు. మహారాష్ట్ర సీట్లకు దరఖాస్తు పెట్టగా, పన్నెండవ తరగతి ఈ రాష్ట్రములో చదువలేదు గనుక చెల్లదన్నారు. ఆంధ్రలో విచారించగా, నీవు ఇచ్చట రెండేండ్లే చదివితివి, స్థానికుడవు కావన్నారు. రెంటికి చెడిన రేవడి యైనాడు. అదే వీథిలో అతనికంటె తక్కువ మార్కులు వచ్చిన పిల్ల, ఊరు కదలక చదివినది, ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరినది. ఆ తండ్రి మమ్ము ఒక్క మాట అనలేదు. అనియుండిన బాగుండెడిది.

సంగతి ఇది. రాష్ట్ర ప్రభుత్వ వైద్య కళాశాలలలో నూటికి 15 సీట్లు దేశమంతటికి, తక్కిన 85 ఆ రాష్ట్రము తనవారనుకొన్న వారికి. తనవారెవరో కొలుచుటకు ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క గజమున్నది. మహారాష్ట్రలో నివాస ధ్రువపత్రముతోపాటు పది, పన్నెండు తరగతులు రెండును అక్కడనే ప్యాసు కావలెను; కొన్ని ఉద్యోగుల పిల్లలకు తప్ప సడలింపు లేదు. తమిళనాడులో ఆరునుండి పన్నెండువరకు అక్కడ చదివియుండవలెను, లేదా ఆ రాష్ట్రపు వారమని పత్రము చూపవలెను. కర్ణాటకలో ఎక్కువమందికి వర్తించునది ఏడేండ్ల చదువు షరతు. ఆంధ్ర, తెలంగాణలలో ఇంటర్మీడియటుతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు అక్కడ చదివిననే సాధారణముగా స్థానికులు. పదవ తరగతి తరువాత పోయినవారికి రెండేండ్లే దక్కునని వేరుగా లెక్కవేయ నక్కరలేదు. ఇక వారికి మిగులునవి ఆ 15 శాతము, ఎయిమ్స్ వంటి సంస్థలు, లేదా ఏటా లక్షలు అడిగెడి డీమ్డ్ విశ్వవిద్యాలయములు. మగ్గముమీద అప్పుతెచ్చి ఈ చివరి దారి పట్టుటకు మేము ఒప్పుకొనము.

తమిళనాడు సోదరులకు మరొక మాట. ఆరునుండి పన్నెండువరకు ప్రభుత్వ బడిలో చదివి నీట్‌లో అర్హులైన పిల్లలకు అక్కడ 2020నుండి 7.5 శాతము సీట్లు ప్రత్యేకించినారు. ప్రభుత్వ బడి మాన్పించి ప్రయివేటు కాలేజీలో వేసిన నాడే ఆ హక్కు పోవును. పుదుచ్చేరిలో 2023నుండి ఇటువంటిదే 10 శాతము కలదు, యానామువారు గమనింపవలెను.

అక్కడి చదువు గట్టిదికదా అని అడుగువారున్నారు. గట్టిదే, కాదనము. అయితే పరీక్ష ఎట్టిదో చూడుడు. 2025లో 180 నిమిషములలో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో 90 ప్రశ్నలు, అనగా సగము, జీవశాస్త్రమే. దానికి మూలము పదునొకండు, పన్నెండు తరగతుల ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు, అవి షోలాపురములోను అవే, బరంపురములోను అవే. సీటు వచ్చిన ఆ పిల్లను అడిగితిమి. సాయంకాలము తల్లి కండెలు చుట్టుచుండగా ఎదుట కూర్చుండి పాఠము తెలుగులో అప్పగించెడిదట. తల్లికి అర్థము కానిచోట తనకును సరిగా రాలేదని తెలిసికొనెడిదట. మన పిల్లలు వెనుకబడునది భౌతికశాస్త్రములో. ఖర్చు పెట్టదలచిన దానికి పెట్టుడు, ఊరిలోనే పెట్టుడు. సరియైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. కావున తెలియని ప్రశ్నను విడుచుట కూడ అభ్యాసము చేయవలెను. తప్పినచో మరొక ఏడు చదివించుట న్యాయమే. మూడవ ఏటికి మాత్రము మేము వద్దనుచున్నాము. చెల్లెలి చదువు ఆగుచున్నది ఆ మూడవ ఏటనే.

భాష సంగతి కొందరికి తెలియదు. నీట్ ప్రశ్నపత్రము 13 భాషలలో వచ్చును గాని తెలుగు పత్రము ఆంధ్ర, తెలంగాణ కేంద్రములలోనే ఇచ్చెదరు. షోలాపురములో వ్రాయువారు మరాఠీనో ఇంగ్లీషునో ఎంచుకొనవలెను. అనువాదములో సందేహము వచ్చిన ఇంగ్లీషు పాఠమే ప్రమాణము. తెలుగు బడిలో చదివిన పిల్లలకు పదునొకండవ తరగతి మొదటినుండి ఇంగ్లీషు శాస్త్రపదములు అలవాటు చేయవలెను.

ఇక కాగితములు. అఖిల భారత వాటాలో 2021నుండి ఓ.బి.సి.లకు 27 శాతము కలదు. దానికి కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రము కావలెను. రాష్ట్ర పత్రము చాలదు. కులము పేరు రెండు జాబితాలలో ఎట్లున్నదో ముందే చూచుకొనుడు. మహారాష్ట్రలో కుల ధ్రువీకరణ కమిటీవారి వ్యాలిడిటీ పత్రము కూడ కావలెను. వెనుకబడిన తరగతులవారు తమ పూర్వులు 1967 అక్టోబరు 13 నాటికే ఆ రాష్ట్రములో ఉన్నట్లు చూపవలసి వచ్చును. తాత చదివిన బడి రిజిస్టరు నకలు, మునిసిపాలిటీ జనన మరణముల లెక్క, ఇవన్నియు నీట్ ఫలితముల తరువాత వారములో దొరకునవి కావు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉన్నచో దానిని సరిచేయుటకే నెలలు పట్టును. పిల్ల పదునొకండవ తరగతిలో నుండగనే ఈ పని మొదలుపెట్టుడు. పాత రిజిస్టరు నకలుకొరకు అర్జీ వ్రాయుట రానివారు మన సంఘ కార్యాలయమునకు రావచ్చును, వ్రాసి యిచ్చెదము.