పేగు కుదుటపడే దాకా

ఆపరేషన్ తర్వాత కడుపులో గడబిడ చాలావరకు మామూలే. అతి పథ్యం, సొంత వైద్యం, చెప్పుకోలేని సిగ్గు.. ఈ మూడే దాన్ని ముదరబెడతాయి.

పేగు ఆపరేషన్ చేయించుకున్న రోగిని మర్నాడు పలకరించే సర్జన్ మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, 'గ్యాస్ పోయిందా?'. పక్కన బంధువులుంటే రోగి సిగ్గుతో తల తిప్పుకుంటాడు. కానీ డాక్టర్‌కు ఆ జవాబు చాలా విలువైనది. కింది నుంచి గాలి పోయిందంటే, స్తంభించిన పేగు మళ్లీ కదలడం మొదలుపెట్టిందన్నమాట.

కారణం పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు, పేగు క్షయ కావచ్చు, టైఫాయిడ్‌తో పడిన రంధ్రం కావచ్చు. పొట్ట తెరిచి చేయి పెట్టగానే పేగు కొంతకాలం కదలిక మానేస్తుంది. చిన్నపేగు సుమారు ఒక రోజులో తేరుకుంటుంది. జీర్ణాశయానికి 1-2 రోజులు, పెద్దపేగుకు 3 రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ తరహా మందులు దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. అందుకే ఆ రోజుల్లో కడుపుబ్బరం, వికారం, త్రేన్పులు తప్పవు. లాపరోస్కోపీ అయితే పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల భుజం కూడా నొప్పి పుట్టవచ్చు. అది సాధారణంగా కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది.

ఒకప్పుడు గ్యాస్ పోయేదాకా రోగికి నోటి ద్వారా ఏమీ ఇచ్చేవారు కాదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెహ్లెట్ 1990లలో ఈ పద్ధతిని మార్చారు. త్వరగా నడిపించడం, త్వరగా తినిపించడం, మార్ఫిన్ వాడకం తగ్గించడం ద్వారా రోగులు తొందరగా కోలుకుంటారని చూపించారు. ఇప్పుడు చిక్కులేమీ లేకపోతే చాలాచోట్ల మర్నాటికే ద్రవాహారం మొదలుపెట్టి, మంచం దింపి నడిపిస్తున్నారు. ఉబ్బరానికి నడకను మించిన మందు తక్కువే.

అసలు ఇబ్బంది ఇంటికొచ్చాక మొదలవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. గుడ్డు వేడి, పెరుగు వాతం అంటూ ఒక్కొక్కటే తీసేస్తే చివరికి మిగిలేది చారన్నం, గంజి. చీము పట్టించేది బ్యాక్టీరియా, పప్పు కాదు. గాయం మానడానికి కావలసింది ప్రోటీన్లు. చారులో, గంజిలో అవి నామమాత్రం. వారాల తరబడి అలా నెట్టుకొస్తే రోగి చిక్కిపోతాడు, గాయమూ ఆలస్యంగా మానుతుంది.

మరి ఏం తినాలి? మొదటి 4 నుంచి 6 వారాలు పీచు తక్కువగా ఉండే మెత్తని ఆహారం మేలు. మెత్తటి అన్నం, ఇడ్లీ, బాగా ఉడికించిన పలుచని పెసరపప్పు, గుడ్డు, చేప, చెక్కు తీసిన సొరకాయ, బీరకాయ తీసుకోవచ్చు. డాక్టర్ ప్రత్యేకంగా వద్దంటే తప్ప వీటికి భయపడనక్కర్లేదు. మూడు పూటలా కడుపు నిండా తినే బదులు 5-6 సార్లు కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. శనగలు, రాజ్మా, క్యాబేజీ, పచ్చి ఉల్లిపాయ, సోడాలు గ్యాస్ పెంచుతాయి కాబట్టి కొన్నాళ్లు ఆగాలి. ఆ తర్వాత కూడా ఒకసారి ఒక్క కొత్త పదార్థమే చేర్చుకుంటే ఏది పడుతుందో, ఏది పడదో తేలిపోతుంది. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ పడవచ్చు.

విరేచనాల తీరు ఏ భాగం తీసేశారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజుకు సుమారు 1.5 లీటర్ల ద్రవం వస్తుంది. పెద్దపేగు అందులో అధికభాగాన్ని పీల్చుకుంటుంది. అది కురచయితే విరేచనం పలుచనవుతుంది. చిన్నపేగు చివరి భాగం తీసేస్తే పైత్యరస లవణాలు పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలవుతాయి. దీనికి వేరే మందులున్నాయి. ఎక్కువ భాగం పోతే బి12 ఇంజెక్షన్లు కూడా అవసరం కావచ్చు. పురీషనాళంలో కొంత తీసేస్తే గంటలో నాలుగుసార్లు పరుగెత్తాల్సి రావచ్చు, ఆపుకోవడం కష్టం కావచ్చు. ఇది నెలల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. కొందరిలో పూర్తిగా పోదు. ఆహారం, మందులు, కటి కండరాల వ్యాయామంతో చాలావరకు అదుపులో పెట్టవచ్చు. చిన్నపేగును పొట్టమీదికి తెచ్చి సంచి అమర్చినవారు నీరసంగా ఉందని ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగకూడదు. వారు ఉప్పు కూడా కోల్పోతుంటారు కాబట్టి ఓఆర్ఎస్ కావాలి.

కడుపు శుభ్రం కావాలని ఆముదం తాగడం, విరేచనాలు ఆగాలని మందుల షాపులో మాత్రలు కొనుక్కోవడం.. రెండూ ప్రమాదమే. ఎందుకంటే ఉబ్బరం వెనుక పేగు అడ్డుపడటం, విరేచనాల వెనుక ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంట్లో ఉండకూడదు. మెలిపెట్టే నొప్పితో వాంతులు, పొట్ట ఉబ్బిపోయి గ్యాసూ విరేచనమూ రెండూ ఆగిపోవడం పేగు అడ్డుపడిందనడానికి సంకేతం. లోపలి అతుకులు దీనికి కారణం కావచ్చు, ఆపరేషనైన ఏళ్ల తర్వాత కూడా ఇది రావచ్చు. మొదటి రెండు వారాల్లో జ్వరం, గుండెదడ, తగ్గాల్సిన నొప్పి పెరగడం కనిపిస్తే కుట్టిన చోట పేగు లీకవుతోందేమో చూడాలి. రక్త విరేచనాలు, మూత్రం బాగా తగ్గడం కూడా ఆలస్యం చేయదగ్గవి కావు. ఇలాంటప్పుడు అర్ధరాత్రయినా సరే, గ్యాసేలే అని వాము నీళ్లతో సరిపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మిగతా రోజుల్లో చేయాల్సింది చిన్న పనే. ఏం తిన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎలా అయింది, ఎప్పుడు నొప్పి వచ్చింది.. ఓ పుస్తకంలో రాసి తదుపరి చెకప్‌కు పట్టుకెళ్లండి. నోటితో చెప్పడానికి సిగ్గయితే ఆ కాగితం డాక్టర్ చేతికిస్తే చాలు.