భీమిలిలో రెండు రోజులు



పరీక్షలు కాగానే మా మనుమడూ, మనుమరాలూ "తాతయ్యా, ఎక్కడికైనా పోదాం" అని పట్టుపట్టారు. నాకు కావలసింది విశ్రాంతి, వాళ్ళకు కావలసింది వింత. రెండూ దొరుకుతాయని వాళ్ళను భీమునిపట్నం తీసుకువెళ్ళాను. అందరూ భీమిలి అంటారు. విశాఖపట్నం నుంచి సముద్రం పక్కనే పోయే రోడ్డు మీద 30 కిలోమీటర్లకు లోపే ఉన్నది.

సాయంత్రం ఒడ్డున కూర్చున్నాం. అలల చప్పుడు తప్ప మరో సందడి లేదు. మనుమడు పెదవి విరిచాడు.

"ఇదేం పట్నం తాతయ్యా! పేరుకే పట్నం. చూస్తే పల్లెటూరిలా ఉంది" అన్నాడు.

మంచి ప్రశ్నే. పట్నమంటే పెద్ద ఊరనే కాదు, ఓడరేవు ఉన్న ఊరని కూడా అర్థం. మచిలీపట్నం, విశాఖపట్నం, కృష్ణపట్నం - చూశారా, అన్నీ సముద్రపు ఒడ్డున ఉన్నవే. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో హాలెండు దేశపు వర్తకులు, అంటే డచ్చివారు, మన నేత బట్టల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారినే మన పెద్దలు వలందావారు అనేవారు. మచిలీపట్నంలోని వలందపాలానికి ఆ పేరు వారివల్లనే వచ్చింది. 1825లో వారు భీమిలిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. 1861లోనే ఈ ఊరికి పురపాలక సంఘం ఏర్పడింది.

"మరి ఓడలన్నీ ఏమైనాయి?" అని మనుమరాలు అడిగింది.

ఇక్కడ ఒడ్డు దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకును పడవలు మోసేవి. రైలుమార్గం ఈ ఊరికి రాక, విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖపట్నంలో ఓడలు గట్టుదాకా వచ్చి ఆగే రేవు తెరిచారు. ఇక భీమిలికి ఎవరు వస్తారు? మనం హాయిగా అనుభవిస్తున్న ఈ నిశ్శబ్దం, ఒకప్పుడు ఎందరో కూలీలకు పని పోయినందువల్ల వచ్చినది!

మరునాడు ఉదయం డచ్చివారి సమాధులు చూడబోయాం. కొన్ని సమాధులు కోసుగా, మనిషికంటే ఎత్తుగా ఉన్నాయి. నేను చెట్టు నీడన కూర్చుని పత్రిక విప్పాను. కాసేపటికి మనుమరాలు పరుగెత్తుకొచ్చింది.

"తాతయ్యా! తమ్ముడు గోడ మీద పేరు గీస్తున్నాడు!"

వెళ్ళి చూద్దును గదా, వాడు పెంకుముక్కతో సమాధి మీద రెండక్షరాలు గీసేశాడు. నలభై ఏళ్ళు బడిలో పలికిన గొంతు ఒక్కసారి లేచింది. వాడు గడగడ వణికిపోయాడు. రుమాలు తడిపి తుడవబోతే నేనే ఆపాను. తుడిస్తే ఇంకా రాలుతుంది.

"ఒకసారి ఇక్కడ వేలు పెట్టి చూడు" అన్నాను. వాడి వేలికి తెల్లని పొడి అంటింది.

సముద్రపు గాలిలో ఉప్పునీటి తుంపరలుంటాయి. అవి గోడలోని సన్నని రంధ్రాలలోకి ఇంకుతాయి. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు లోపలే మిగులుతుంది. ఆ ఉప్పు పలుకులు కట్టి పెరుగుతూ గోడను లోపలినుంచి నెడుతుంది. మళ్ళీ తడి, మళ్ళీ ఎండ. ఇలా సున్నం పొరలు పొరలుగా రాలిపోతుంది. పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం గోడకు కొంత రక్ష. గీత గీస్తే ఉప్పునీటికి తలుపు తెరిచినట్లే. కావాలంటే మీరు ఒక ఇటుకముక్కను ఉప్పునీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, వారం రోజులు ఎండలో ఉంచి చూడండి. దానిపై తెల్లని పూత కనబడుతుంది.

మనుమడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మరి ఇది ఎట్లా పోతుంది తాతయ్యా?" అన్నాడు.

"పోదు నాయనా."

ఎన్నో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ జవాబు చెప్పటం నాకే కష్టమనిపించింది. అయినా తప్పంతా వాడిదేనా? సమాధుల దగ్గరకు వెళ్ళేముందు ఈ సంగతి చెప్పవలసింది నేను. పత్రిక విప్పినవాణ్ణి కూడా నేనే.

ఆ సాయంత్రం వాడు నోటుపుస్తకంలో ఆ సమాధి బొమ్మ గీశాడు. దాని కింద తన పేరు వ్రాసుకున్నాడు. రాయి మీద వ్రాసిన రెండక్షరాలను మాత్రం బొమ్మలో దిద్దలేదు. "అవి నావే కదా, ఎందుకు దాచాలి?" అన్నాడు.

మీ ఊరి దగ్గర కూడా పాత కోటో, గుడో, బావో ఉండే ఉంటుంది. ఈ సెలవులలో వెళ్ళి చూడండి. బొమ్మ గీసుకోండి, కొలతలు వేసుకోండి, ఊరి పెద్దలను అడిగి కథ తెలుసుకోండి. పేరు మాత్రం మీ పుస్తకంలోనే వ్రాసుకోండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.