అరాచకం అంటే లొల్లి కాదు

మొన్న హాస్టల్‌లో ఒక తమ్ముడు "అంతా అరాచకం అయిపోయిందన్నా" అన్నడు. మెస్ గురించే లెండి. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

అరాచకం అంటే, మాట విడదీస్తే, రాజు లేకపోవడం. రాజు లేకుంటే లొల్లే అనుకునేటోళ్లు దాన్ని తిట్టుగా మార్చిన్రు. మన మూడు జిల్లాలు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు ఏలిన నేల. పక్కనే నల్లమలలో చెంచు పెంటలకు మాత్రం హుకుం చేసే మనిషి లేడు. హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ అడవికి వచ్చి చూసి, 1943లో పుస్తకం వేసిండు. పెద్దమనిషి ఉంటడు, చెప్తడు, కానీ బలవంతం చేయలేడు. పొసగకపోతే ఆ కుటుంబం బంధువులున్న ఇంకో పెంటకు పోతది.

పెంటనే అరాచకవాదం అని నేను అనట్లేదు. చెంచులు అట్లాంటి పేరేం పెట్టుకోలేదు, ఆకలి కూడా అక్కడే ఉంది. అయితే రుడాల్ఫ్ రాకర్ 1938లో చెప్పింది ఇక్కడ పనికొస్తది. ఆయన దృష్టిలో ఇది గీత గీసి పెట్టిన వ్యవస్థ కాదు, మనుషుల చరిత్రలో నడుస్తున్న ఒక మొగ్గు. ఏ అధికారాన్నైనా ఆపి "నీకు ఈ హక్కు ఎవరిచ్చిన్రు?" అని అడగడం. జవాబు లేకుంటే దిగిపొమ్మనడం.

ఆ ప్రశ్న మనకు పుస్తకాల ముచ్చట కాదు. 2019లో యురేనియం కోసం అమ్రాబాద్ అడవిలో తవ్వి చూస్తమన్నప్పుడు చెంచులు, తండాలోళ్లు, విద్యార్థులు అడ్డం తిరిగిన్రు. సెప్టెంబర్‌లో అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఇప్పుడు పులుల కోసం పెంటలను ఖాళీ చేయించే మాట నడుస్తున్నది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ అన్నీ తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలి. ప్యాకేజీ కాగితం మీద ఒక్కొక్కరితో వేలిముద్ర వేయించుకుంటే అది గ్రామసభ ఒప్పుకోలు ఎట్లయితది? ఇది మనమే అడగాలె.

కానీ అదే ప్రశ్న మన ఇంటి మీదికి కూడా వస్తది. తండాలో నాయక్, కార్‌భారి కూర్చొని పంచాయితీ చేసేటప్పుడు అక్కలను ఎంత మాట్లాడనిస్తున్నం? మన సంఘంలో మైకు ఎప్పుడూ ఆ నలుగురి చేతిలోనే ఎందుకుంటది? (నేనూ ఆ నలుగురిలో ఒకణ్ణే.)

వచ్చే మీటింగ్‌కు స్టేజీ వద్దు, కుర్చీలు గుండ్రంగా వేద్దాం. ఎవరు నడపాలో ఆ రోజే చిట్టీ తీద్దాం. కుదరదంటే ఎందుకు కుదరదో కింద రాయండి.