చలికాలం కుక్కకు పరుగుల కాలం

ధనుర్మాసంలో మన ఊళ్ళను తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది. నాగావళి, వంశధార గట్ల మీద పొద్దెక్కేదాకా ఎదుటి మనిషి కనిపించడు. పెద్దవాళ్ళు దుప్పటి కప్పుకొని అరుగు మీద కూర్చుంటారు. వాకిట్లో రాటకు కట్టేసిన కుక్క ముడుచుకొని పడుకుంటుంది. "పాపం చలి, దాన్నెందుకు కదపడం?" అంటాం. దయతో అన్న మాటే. కాని మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో కుక్కను బాగా తిప్పవలసిన కాలం ఏదైనా ఉంటే, అది చలికాలమే అని నా అభిప్రాయం.

ఎందుకో చూద్దాం. పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతే కదలికగా మారుతుంది. తక్కినదంతా వేడి. మనకు ఒళ్ళంతా స్వేదగ్రంథులున్నాయి కనుక ఆ వేడిని చెమటతో పోగొట్టుకుంటాం. కుక్కకు ఆ సదుపాయం లేదు. దానికి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే, అదీ కొద్దిగా. అందుకే నాలుక బయట పెట్టి రొప్పుతుంది. నాలుక మీద, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఈ సూత్రం వల్లనే.

ఇప్పుడు వేసవి సంగతి ఆలోచించండి. మనది సముద్రతీరం. గాలిలో తేమ ఎక్కువ. తేమ గాలిలో తడి త్వరగా ఆవిరి కాదు. కుక్క శరీరానికి మామూలు ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణాపాయం. మే నెల ఎండలో పరుగెత్తించిన కుక్క వడదెబ్బకు చనిపోవచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ భయం చాలా తక్కువ. చల్లగాలికి రొప్పు త్వరగా తీరుతుంది. వేసవిలో పది నిమిషాలకే చతికిలబడే కుక్క ఇప్పుడు అరగంట హాయిగా తిరుగుతుంది.

మరి చలి మాటేమిటి? తీరం వెంబడి పల్లెల్లో జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటుంది. పార్వతీపురం, సీతంపేట కొండల వైపు మరికొంత తగ్గుతుంది. నడిచే కుక్కకు కావలసిన వెచ్చదనం దాని కండరాలే ఇస్తాయి. చలికి నిజంగా బాధపడేది తడి నేల మీద కదలకుండా పడుకున్న కుక్క. పసికూనలకు, ముసలి కుక్కలకు ఒక గోనెసంచి పరిచి, మంచు పడని చోట పడుకోబెట్టాలి.

కుక్క మనిషికి మచ్చికై కనీసం 15 వేల ఏళ్ళయింది. తోడేలు జాతి నుంచి వచ్చిన జంతువు అది. నడక, పరుగు, వాసన పట్టడం దాని పుట్టుకలోనే ఉన్నాయి. గొర్రెల మంద వెంట మైళ్ళకొద్దీ నడిచింది. కోతలయ్యాక కళ్ళంలో వరికుప్పలకు కాపలా కాసింది. ఇప్పుడు చాలా ఇళ్ళలో దాని పని పోయి, ప్రహరీగోడ, గొలుసు మిగిలాయి. రోజంతా కట్టేసిన కుక్క ఏం చేస్తుంది? ఒకే చోట గిరగిర తిరుగుతుంది, నేల తవ్వుతుంది, ఎవరు కదిలినా మొరుగుతుంది. కొన్ని తమ తోకను తామే కొరుక్కుంటాయి. మనం దాన్ని పౌరుషమనుకుంటాం. నిజానికి అది విసుగు, భయం. కొత్త మనిషిని, కొత్త వీధిని చూడక పెరిగిన కుక్క భయంతో కరుస్తుంది. కరిచేది ఎక్కువగా మనకు దగ్గరివాళ్ళనే, అందులోనూ పిల్లలను.

ఇదంతా కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్ళ సొంత గొడవ అనుకోకండి. మన పార్లమెంటు 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం చేసింది. అందుకు దారి వేసినవారు ప్రసిద్ధ నర్తకి, రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం ఆ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. చట్టం చేసిననాడు మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 50 రూపాయలకు మించదు. అంత చిన్న జరిమానాకు ఎవరు భయపడతారు? పని జరగాలంటే ఇంట్లో పిల్లలే పూనుకోవాలి.

"రాత్రి గొలుసు విప్పేస్తున్నాం, చాలదా?" అని కొందరంటారు. చాలదు. మంచులో జాతీయ రహదారి మీద లారీ డ్రైవరుకు కుక్క కనబడదు. దాన్ని తప్పించబోయి మోటారు సైకిలు మీది మనిషీ పడవచ్చు. కుక్క వెంట మనిషి ఉండాలి, తాడు చేతిలో ఉండాలి.

పొద్దెక్కి మంచు విడిపోయాక ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట తిప్పండి. మధ్యమధ్య ఆగి వాసన చూడనివ్వండి. మనం పేపరు చదివినట్టు అది వీధిని ముక్కుతో చదువుకుంటుంది. కడుపునిండా తిన్న వెంటనే పరుగెత్తించకండి. మోటారు సైకిలుకు కట్టి ఈడ్చుకుపోవడం వ్యాయామం కాదు, హింస. చలికాలంలో వీధుల్లో ఈనిన కుక్కలుంటాయి. వాటి పిల్లల దగ్గరికి పోకండి. పెద్ద కుక్కైతే ఇంట్లో పెద్దవాళ్ళను తోడు తీసుకువెళ్ళండి. ఏటా రేబిస్ టీకా తప్పదు. లక్షణాలు బయటపడిన తర్వాత ఆ జబ్బుకు మందు లేదు.

చివరగా ఒక చిన్న ప్రయోగం. మీ కుక్క ప్రశాంతంగా పడుకున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు లేస్తోందో ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 నుంచి 30 దాకా ఉంటుంది. నడిపించి తెచ్చాక రొప్పు ఆగి, శ్వాస మళ్ళీ ఆ అంకెకు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. సంక్రాంతి దాకా రోజూ రాసి, గ్రాఫు గీయండి. ఎండలు ముదిరాక చల్లని వేళల్లో కాసేపు నడిపించి, అప్పుడూ లెక్కపెట్టండి. ఆ రెండు గ్రాఫులూ మీ నాన్నగారికి చూపించండి. గొలుసు ఎప్పుడు విప్పాలో నేను చెప్పినదానికన్నా అవే బాగా చెబుతాయి.