మూడో చక్రం మాట వినాలంటే...

సైడ్‌కార్‌ అనగానే ఒక తరానికి 1975లో వచ్చిన 'షోలే' గుర్తుకొస్తుంది. అమితాబ్‌, ధర్మేంద్ర పాడుకుంటూ పోయిన బండి అది. ఇంకొందరికి నాన్న స్కూటర్‌ గుర్తుకొస్తుంది. నాన్న ముందు పెద్దవాడు నిలబడేవాడు. పక్కనున్న తొట్టిలో అమ్మ, ఆమె ఒళ్ళో చంటిపిల్ల, కాళ్ళ దగ్గర కూరల సంచీ. 1983లో మారుతి 800 వచ్చింది. చిన్నకార్లు పెరిగేకొద్దీ ఆ తొట్టి బళ్ళు మెల్లగా కనుమరుగయ్యాయి.

మా పక్కింటి అబ్బాయి ఈమధ్య అలాంటి బండిని మళ్ళీ మా వీధిలోకి తెచ్చాడు. సరదాకి కాదు. వాళ్ళమ్మగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. బుల్లెట్‌ వెనక సీటు ఎక్కలేరు. పాత సైడ్‌కార్‌ ఒకటి దొరికితే కొని, ఒక వెల్డింగ్‌ షాపులో బిగించుకొచ్చాడు. "మూడు చక్రాలు బాబాయ్‌, ఇక పడిపోయే ప్రశ్నే లేదు" అన్నాడు.

మొదటిరోజే తల్లీకొడుకులు గుడికి బయల్దేరారు. దారిలో మేక అడ్డమొచ్చింది. బ్రేకు వేశాడు. ఆగాల్సిన బండి కుడివైపుకి లాగేసింది. ఎదురుగా బస్సు! ఆ డ్రైవర్‌ పుణ్యమా అని జానెడు దూరంలో తప్పిపోయింది. వదినగారు ఇంటికొచ్చి ఒక్కటే మాటన్నారు. "నేనింక ఆటోలోనే పోతాన్రా."

ఎందుకలా జరిగింది? ఎడ్లబండి తెలిసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటే లాగుతుంటే బండి రెండోదాని వైపు తిరిగిపోతుంది. మన దేశంలో సైడ్‌కార్‌ ఎడమవైపు ఉంటుంది. వేగం పెంచితే బుల్లెట్‌ ముందుకు ఉరుకుతుంది, తొట్టి వెనకబడుతుంది. బండి ఎడమకి లాగుతుంది. బ్రేకు వేస్తే బుల్లెట్‌ ఆగుతుంది, బ్రేకులేని తొట్టి మాత్రం ముందుకే పోతానంటుంది. బండి కుడికి తిరుగుతుంది. కుడివైపంటే ఎదురొచ్చే వాహనాల వైపు! ఈ గుణం పూర్తిగా పోదు. అమరిక సరిగ్గా ఉంటే మాత్రం మన చేతిలో ఉంటుంది.

కుర్రాణ్ణి తీసుకుని నేనొక పాత మెకానిక్‌ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు పానా పట్టుకోలేదు. టైర్లలో గాలి చూశాడు. చక్రాలు పట్టుకుని ఊపి బేరింగులు చూశాడు. తర్వాత తొట్టిని బండికి కలిపే నాలుగు బిగింపులూ చూశాడు. కిందున్న రెండింట్లో ముందుది కదులుతోంది. "పునాది ఊగుతుంటే గోడ కొలిచి లాభమేంటి బాబూ?" అన్నాడు. దాన్ని సరిచేశాక చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, కుర్రాణ్ణి సీటు మీద కూర్చోబెట్టాడు. తొట్టిలో వాళ్ళమ్మగారంత బరువు పెట్టాడు. ఖాళీ బండికి కొలతలు తీస్తే, మనుషులు ఎక్కగానే స్ప్రింగులు కుంగి అవన్నీ మారిపోతాయట.

కొలతలు మూడే. మొదటిది లీడ్‌. తొట్టి చక్రం బండి వెనక చక్రానికి సరిగ్గా పక్కన ఉండకూడదు, కాస్త ముందుండాలి. బుల్లెట్‌లాంటి బండికి ఇరుసు నుంచి ఇరుసుకి 15 నుంచి 20 సెంటీమీటర్లు. అలా ఉంటేనే కుడి మలుపులో తొట్టి ముక్కు నేలకి వంగదు. మరీ ముందుకి జరిపితే హ్యాండిల్‌ బరువెక్కుతుంది, టైరు ఈడ్చుకుపోతుంది.

రెండోది టో-ఇన్‌. తొట్టి చక్రం తిన్నగా కాకుండా, రవ్వంత బండి వైపు చూడాలి. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. వంకరలేని రెండు పొడవాటి అల్యూమినియం పైపులు చాలు. ఒకటి బండి చక్రాల పక్కన, ఇంకొకటి తొట్టి చక్రం పక్కన ఆనించాలి. ముందు టైరు సన్నం, వెనకది లావు కాబట్టి ఆ తేడాని చెక్కముక్కతో సర్దాలి. బండి ముందు చక్రం దగ్గర పైపుల మధ్య దూరం, వెనక చక్రం దగ్గరి దూరం కంటే 12 నుంచి 20 మిల్లీమీటర్లు తక్కువుండాలి. మావాడి బండి కొలిస్తే ఆ చక్రం అసలు బయటికి చూస్తోంది!

మూడోది లీన్‌-అవుట్‌. నీళ్ళు పోవడానికి మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి. కాబట్టి బుల్లెట్‌ని తొట్టికి అవతలివైపు, అంటే కుడికి, ఒకటి రెండు డిగ్రీలు వంచి బిగించాలి. హ్యాండిల్‌ ఎత్తులో చూస్తే రెండు మూడు సెంటీమీటర్లు. ఒక కొలత మారిస్తే మిగతావీ కదులుతాయి, అందుకే మూడూ మళ్ళీ మొదట్నించీ చూడాలి. చివరగా తొట్టి చక్రానికీ బ్రేకు పెట్టించాడాయన.

ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఒకే వేగంలో పరీక్ష. ఎడమకి లాగుతుంటే లీన్‌-అవుట్‌ కొంచెం పెంచాలి, కుడికి లాగుతుంటే తగ్గించాలి. తొట్టి టైరు త్వరగా అరిగిపోతుంటే టో-ఇన్‌ ఎక్కువైందేమో చూసుకోవాలి. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి బిగించాలి.

బండి కుదిరినా నడిపేవాడు కుదరాలిగా! పదేళ్ళు బుల్లెట్‌ నడిపిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఈ బండి మలుపులో వాలదు. ఎటు పోవాలో అటు హ్యాండిల్‌ తిప్పాల్సిందే. ఎడమ మలుపులో వేగంగా పోతే ఖాళీ తొట్టి గాల్లోకి లేస్తుంది. అప్పుడు కంగారుపడి హ్యాండిల్‌ తిన్నగా చేస్తే ఎదురొచ్చే బండి ముందుకి వెళ్ళిపడతాం. మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి, ఒంటిని ఎడమకి వంచాలి. తొట్టిలో మనిషి లేనప్పుడు పాతిక, ముప్పై కిలోల ఇసుక మూట కదలకుండా కట్టుకోవాలి. ఇవన్నీ ఖాళీ మైదానంలో, ఎవర్నీ ఎక్కించుకోకుండా నేర్చుకోవాలి. మావాడు రెండు ఆదివారాలు అదే పనిలో ఉన్నాడు.

ఇంకో మాట. 1988 మోటారు వాహనాల చట్టం మోటార్‌సైకిల్‌ నిర్వచనంలోనే సైడ్‌కార్‌ని చేర్చింది. అలాగని మనిష్టం వచ్చినట్టు తగిలించుకోకూడదు. ముందు రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్‌సీలో నమోదు చేయించాలి. బీమా కంపెనీకీ చెప్పాలి. ప్రమాదం జరిగాక చెబితే వినేవాళ్ళుండరు. హెల్మెట్‌ ఇద్దరికీ ఉండాలి.

పోయిన శనివారం వదినగారు మళ్ళీ తొట్టి ఎక్కారు. ఎక్కేముందు బోల్టులవైపు వేలు చూపించి, "ఇవాళ చూశావురా?" అని అడిగారు. వాడు పానా తీసి నాలుగూ బిగించి చూపించాడు. అప్పుడే హెల్మెట్‌ పెట్టుకున్నారావిడ.